కట్ట క్రింద పొలము, కోటలో పచ్చిక

హైదరాబాదు నగరమున నారాయణగూడ, చిక్కడపల్లి, అశోక్ నగరుల వీధులు దాటి పడమటి దిక్కుగా నడచు బాటసారికి కొంత దూరము పోగానే ఎత్తైన కట్ట యొకటి ఎదురగును. కట్టమీద విశాలమైన రాజమార్గము, కట్ట కావల హుస్సేన్ సాగరము. కట్ట కీవలి పల్లమున సాగు బాటను జనులు లోయర్ ట్యాంక్ బండ్ అని పిలుచుచున్నారు. పేరు ఆంగ్లమే గాని అందులోని అర్థము పల్లె నెరిగిన ప్రతి తెలుగువానికిని పాతదే. పైన చెఱువు, నడుమ కట్ట, కట్ట క్రింద తూము నీటితో పండు మడి. ఈ మూడును కలిసిననే మనకు ఊరు.

ఇబ్రహీం కులీ కుతుబ్ షా ఏలుబడిలో, 1562 ప్రాంతమున, హుస్సేన్ షా వలీ ఈ జలాశయమును కట్టించెను. మూసీ నది నుండి కాలువ త్రవ్వి నీరు తెచ్చిరి. ఆ నీరు త్రాగిన తోటలు, పొలములు నేడు లేవు. వాటి స్థానమున 1920 ప్రాంతమున దివాన్ బహదూర్ రాంగోపాల్ మిల్లు వెలసెను. కార్మికుల ఇండ్లు లేచెను. కాలక్రమమున ఆ మిల్లును మూతపడెను. అశోక్ నగరు మీదుగా పోవు అలుగు కాలువ మాత్రము, తాను ఒకప్పుడు చెఱువు నీటిని మోసినదానినని భారీ వానలు కురిసినప్పుడెల్ల గుర్తు చేయుచునే యున్నది. 2000 ఆగస్టులో అది చేసిన జ్ఞాపకము ఆ వీధుల వృద్ధులకు బాగుగా తెలియును. కట్టను కాచు మైసమ్మ తల్లి గుడి నేటికిని ఆ బాట ప్రక్కనే యున్నది. 1978లో అక్కడనే ఇందిరా పార్కు తెరువబడినది. దాని విస్తీర్ణము 76 ఎకరములు. స్వల్పమైన రుసుము చెల్లించి ఎవరైనను లోనికి పోవచ్చును, చెట్ల క్రింద కూర్చుండవచ్చును.

ఇక్కడి నుండి పది పండ్రెండు కిలోమీటర్ల దూరమున, గోల్కొండ కోటలో, అదే కుతుబ్ షాహీ వంశపు నీటివనరుల చెంత మఱియొక పచ్చికబయలు కలదు. అది గోల్ఫ్ మైదానము. రెండును పచ్చికలే. రెండును పూర్వము సాగుకు, తోటలకు నెలవైన నేలలే. కాని వాటిలో అడుగిడువారు వేరు. ఈ భేదమెట్లు కలిగినదో తెలియవలెనన్న ఆ ఆట చరిత్రను కొంత తడవవలసి యున్నది.

గోల్ఫ్ ఆట స్కాట్లండు దేశమున పుట్టి పెరిగినది. చిన్న గట్టి బంతిని కఱ్ఱతో కొట్టి, దూరమున త్రవ్విన గుంటలో వీలైనన్ని తక్కువ దెబ్బలతో పడవేయుటయే దీని సారము. గుంట వెడల్పు నాలుగుంబావు అంగుళములు. ఈ కొలత 1891లో స్థిరపడినది. విలువిద్య నేర్వవలసిన యువకులు ఈ ఆట మరగి పాడగుచున్నారని 1457లో అచ్చటి పార్లమెంటు దీనిని నిషేధించినది. నిషేధములు ఆటలపై ఎంతవరకు పనిచేయునో మనకు తెలియనిది కాదు. 1744లో లీత్ పట్టణపు ఆటగాండ్రు పదమూడు నియమములు వ్రాసుకొనిరి. సెయింట్ ఆండ్రూస్ అను సముద్రతీరపు పట్టణమున 1764లో గుంటల సంఖ్యను ఇరువదిరెండు నుండి పదునెనిమిదికి తగ్గించిరి. నాటి నుండి పదునెనిమిది లోకప్రమాణమైనది.

ఆ పట్టణపు సంగతి మనము మఱువరాదు. అచ్చటి మైదానము ఇసుక దిబ్బల నేల. నాగలికి లొంగదు, పంటకు పనికిరాదు. గాలి చెక్కిన గుట్టలు, ఉప్పుగాలికి ఓర్చిన పొట్టిగడ్డి, కుందేళ్ళు త్రవ్విన బొరియలు మాత్రమే అచ్చట నుండెడివి. 1552లో అచ్చటి ఆర్చిబిషప్ హామిల్టన్ ఆ భూమిపై కుందేళ్ళను పెంచుకొను హక్కు పొందుచు, ప్రజలు అందు ఆడుకొనుటకు గల హక్కును అంగీకరించి పత్రము వ్రాసి యిచ్చెను. అనగా ఈ ఆట పుట్టినది ఊరుమ్మడి బీటిలోనే గాని ప్రభువుల తోటలో కాదు.

బ్రిటిష్ వారి ఓడలతో పాటు ఆట తూర్పునకు వచ్చినది. 1829లో కలకత్తాలో స్థాపితమైన గోల్ఫ్ క్లబ్బు బ్రిటిష్ ద్వీపములకు వెలుపల నున్నవాటిలో మొట్టమొదటిది. బెంగుళూరు క్లబ్బు 1876 నాటిది. మన తీరమున విశాఖపట్నపు ఈస్ట్ పాయింట్ క్లబ్బు 1884 నుండి తన వయస్సును లెక్కించుకొనుచున్నది.

ఉష్ణదేశమునకు ఆట వచ్చినది గాని, ఆటకు ఉష్ణదేశము చేసిన ఉపకారము అంతకంటె గొప్పది. పూర్వము బంతి యనగా తోలుసంచిలో ఈకలు కూరి కుట్టినది. ఒక పనివాడు దినమంతయు శ్రమించినను నాలుగైదు బంతుల కంటె చేయలేకుండెను. వెల అధికము, తడిసినచో చెడిపోవును. 1848 ప్రాంతమున మలయా అడవులలోని ఒక చెట్టు పాలనుండి వచ్చు గట్టా పెర్చా అను బంక స్కాట్లండు చేరినది. దానిని వేడినీట మెత్తబరచి చేతులతో ఉండచేసిన బంతి చవుకయైనది, వానకు ఓర్చుకొన్నది. సామాన్యుడు కూడ కఱ్ఱ పట్టుటకు వీలైనది. సముద్రము క్రింద వేసిన తంతితీగలకు తొడుగైనదియు ఈ బంకయే. ఆ గిరాకికి మలయా అడవులలో ఎన్ని చెట్లు కూలినవో తలచుకొన్న మనస్సు చివుక్కుమనును.

ఇక పచ్చిక. స్కాట్లండు గడ్డి మన ఎండకు ఆగదు. కావున భారతదేశమునందలి అనేక మైదానములలో గుంట చుట్టును గడ్డికి బదులు నూనె కలిపిన ఇసుకను పరచి సమము చేసెడివారు. గ్రీన్ అనవలసిన దానిని అందుచేత బ్రౌన్ అని పిలిచెడివారు. ఒక కుఱ్ఱవాడు గోనెపట్టా లాగుచు అడుగుల గుర్తులు చెరుపుచుండెను. మఱియొకడు ముందునకు పరుగెత్తి బంతి పడినచోటును కనిపెట్టుచుండెను. వానికి ఆగేవాలా అని పేరు. దొరల ఆటను నిలిపినవి ఈ కుఱ్ఱల కాళ్ళు. ఢిల్లీ క్లబ్బులో సంచులు మోసిన అలీ షేర్ 1991లో ఇండియన్ ఓపెన్ గెలిచి, ఆ పందెమును గెలిచిన మొదటి భారతీయ వృత్తిక్రీడాకారుడైనాడు. కలకత్తా మైదానమున పచ్చిక కాచిన వాని కుమారుడు చౌరాసియా 2008లో ఇండియన్ మాస్టర్స్ గెలుచుకొన్నాడు.

ఎండకు ఆగు గడ్డి ఎక్కడో లేదు, మన గట్లమీదనే యున్నది. పాశ్చాత్యులు బెర్ముడా గడ్డి అనునది మన గరికయే. వినాయక చవితినాడు పిల్లలు గట్లవెంట తిరిగి కోసుకొని వచ్చు ఆ గరికను, ఆఫ్రికా జాతి సన్నగడ్డితో సంకరము చేసి, అమెరికాలోని జార్జియా రాష్ట్రమున టిఫ్టన్ అను ఊరి పరిశోధన కేంద్రములో గ్లెన్ బర్టన్ అను శాస్త్రజ్ఞుడు 1960లో టిఫ్‌వే అను రకమును విడుదల చేసెను. నేటి ఉష్ణమండల మైదానములలో చాలవరకు దానికి గాని దాని జాతివారికి గాని ఆలవాలములే. ఈ సందర్భమున ఒక మాట చెప్పక తప్పదు. ఆ బర్టన్ పెంపొందించిన సజ్జ వంగడమునే ఆధారముగా గొని 1965లో లూధియానాలో మనదేశపు మొదటి సంకర సజ్జను తయారుచేసిరి. ఒకే మనుష్యుని చేతినుండి ధనికుల పచ్చికయు, మెట్టరైతు సంకటిముద్దయు వెలువడినవి. చరిత్రలో ఇట్టి చమత్కారములు అరుదు.

గడ్డి దొరికిన తరువాత విహారము బలిసినది. అంతకు ముందే ఆటను విడిదితో ముడివేసినవి రైలు కంపెనీలు. ప్రయాణికులు రావలెనన్న గమ్యము కావలెను గదా! స్కాట్లండులో 1906లో టర్న్‌బెరీ యందు రైలు కంపెనీయే మైదానము ప్రక్కన హోటలు కట్టినది. సయాం దేశమున హువా హిన్ అను సముద్రతీరమున రైల్వే హోటలు లేచినది. 1924లో స్కాట్లండు ఇంజనీరొకడు రైలు స్టేషను ప్రక్కనే మైదానము గీసెను. విమానములు వచ్చిన పిమ్మట ద్వీపముల వంతు వచ్చినది. 1958లో పోర్టోరికోలోని ఒక తోటల ఎస్టేటులో రాక్‌ఫెల్లర్ కుటుంబీకుడు డొరాడో బీచ్ విడిదిని తెరచెను. అతడే 1964లో హవాయి దీవిలో, చల్లారిన లావా రాళ్ళను పొడిచేసి మన్నుగా పరపించి, మౌనా కియా అను మైదానమును నిర్మింపజేసెను. నల్లరాతిపై పచ్చని తివాచీ, దాని చెంత నీలసముద్రము. చిత్రపటములు లోకమంతట వ్యాపించినవి. తరువాత ప్రతి ఉష్ణదేశపు ప్రభుత్వమునకును అట్టి చిత్రపట మొకటి కావలసివచ్చినది. పొలములు, అడవులు, చేపలరేవులు పోగొట్టుకొన్నవారు ఊరకుండలేదు. 1993 ఏప్రిల్‌లో మలేసియాలోని పెనాంగ్‌లో పలుదేశముల ప్రతినిధులు కూడి, గోల్ఫ్ మైదానముల విస్తరణకు వ్యతిరేకముగా ఒక ప్రపంచోద్యమమునే ప్రకటించిరి.

మన తెలుగుదేశమున విహారమునకు, ఈ ఆటకు మొదట పొత్తు కలిసినది వాల్తేరు మెట్టమీద. విశాఖపట్నపు పాత కోటప్రాంతము ఇరుకు, ఉక్క. సముద్రపు గాలి కొఱకు దొరలు ఉత్తరమున ఎత్తుగా నున్న వాల్తేరుకు ఇండ్లు మార్చుకొనిరి. 1893 మొదలు 1896 వరకు తూర్పు తీరపు రైలు మార్గము పూర్తియగుటతో వంగదేశీయులు గాలిమార్పునకై వాల్తేరు రాసాగిరి. ఎఱ్ఱమట్టి దిబ్బలు, సరుగుడు చెట్లు, క్రింద బంగాళాఖాతము. స్కాట్లండు తీరమునకు ఉష్ణదేశపు ప్రతిబింబమనదగిన చోటు. తెలంగాణమున సికింద్రాబాదు దండు ప్రదేశమునందు సైన్యమువారికి మైదానము కలదు. ఈ శతాబ్ది ప్రారంభ దశకమున మణికొండ, గచ్చిబౌలి రాతిగుట్టల నడుమ 235 ఎకరములలో మఱియొకటి తలపెట్టబడినది. ఆ బండల వయస్సు రెండువందల ఏబది కోట్ల సంవత్సరముల పైమాట. అవియే దానికి అలంకారమైనవి.

కాని మన కథకు గుండెకాయ గోల్కొండయే.

1656లో దక్కను సుబేదారుగా నున్న ఔరంగజేబు గోల్కొండను ముట్టడించెను. కోటకు సమీపమున నున్న ఒక మిట్టపై ఫిరంగులు నిలిపి గోడలను కొట్టించెనని చెప్పుదురు. షాజహాను ఆజ్ఞతో ముట్టడి తొలగినది. అబ్దుల్లా కుతుబ్ షా అపారధనమును, తన కుమార్తెను ఔరంగజేబు కుమారునకు ఇచ్చి బ్రతికిపోయెను. గండము గడచిన వెంటనే ఆ మిట్టను కోటలో కలుపుకొని క్రొత్త ప్రాకారము కట్టించెను. అదియే నయా ఖిల్లా. తొమ్మిది మడతలుగా వంపులు తిరిగిన మజ్నూ బురుజు ఆ పనితనమునకు సాక్షి. ఇంత చేసినను 1687లో ఔరంగజేబు మరల వచ్చి ఎనిమిది నెలలు కూర్చుండి కోటను పట్టుకొనెను. క్రొత్తగోడ బ్రద్దలుగాలేదు, తలుపు లోపలినుండి తెరచుకొన్నది.

ఆ గోడ లోపలనున్నది కేవలము యుద్ధభూమి కాదు. గోడకంటె పూర్వపువి అందు అనేకములు కలవు. 1570 ప్రాంతపు ముల్లా ఖియాలీ మసీదు కలదు. ఆ ముల్లా కవి. ముస్తఫా ఖాను మసీదు కలదు. హతియాన్ కా ఝాడ్ అని పిలువబడు ఆఫ్రికా దేశపు బావొబాబ్ వృక్షము కలదు. మన పల్లెభాషలో చెప్పవలెనన్న ఏనుగులు చుట్టుముట్టి నిలిచినట్లుండు మాను. మొదలు చుట్టుకొలత ఇరువదియైదు మీటర్ల పైమాట, లోపల మనుష్యులు చొరబడదగిన బోలు. ఏ అరబ్బు వర్తకుడో, ఏ హబ్షీ సైనికుడో, ఏ ఫకీరో విత్తనమును తెచ్చియుండును. ప్రక్కనే షా హాతిం తలాబు, కోటలో వేరొక చెఱువు. 2014 తరువాత పురావస్తు శాఖవారు ఇచ్చట త్రవ్వగా మట్టిక్రింద రాజోద్యానము బయల్పడినది. నీటికాలువలు, మట్టిగొట్టములు, తొట్లు, నడకదారులు, ఫౌంటెనులు ఒక్కొక్కటిగా వెలికివచ్చినవి. నీటిని ఎత్తునుండి పల్లమునకు, పల్లమునుండి చిమ్ముటకు నడిపిన ఆ విద్య, హుస్సేన్ సాగరము కట్టిన వంశపు విద్యయే.

రాజ్యము పోయిన తరువాత తోట పాడుపడినది. మట్టి కప్పినది. చెఱువు నీరున్నచోట రైతు రాకుండునా? కోటలోపలనే నాగళ్ళు సాగినవి. ఇటీవలి వరకు అచ్చట వరి పండినది. రాజధానికి అంత చేరువలో, నాలుగువందల ఏండ్ల గోడల నీడలో, నారుమడులు! చూచినవారు చెప్పుట వినుటయే గాని నేటివారికి ఆ భాగ్యము లేదు. పర్యాటక శాఖ సంకల్పముతో ఆ భూములను సేకరించి గోల్ఫ్ మైదానముగా విస్తరించిరి. రైతులు నాయస్థానముల మెట్లెక్కిరి. చారిత్రక కట్టడములపై మక్కువ గలవారు, యంత్రములతో నేలను చదునుచేసినచో అడుగున నున్న తోటకు, చెఱువులకు హాని కలుగునని ఆక్షేపించిరి. మసీదులను, ఏనుగుల చెట్టును చూడబోవువారికి ఆటంకములు కలుగుచున్నవని పత్రికలలో పలుమారులు వ్రాసిరి. ఆటవారు చెప్పినదియు వినదగినదే. ఊరిడిసి, తుమ్మకంపతో, చెత్తతో నిండిన నేలను తాము బాగుచేసితిమనియు, తాము లేకున్నచో ఆ స్థలమును ఇండ్ల బేరగాండ్రు మ్రింగెడివారనియు వారి వాదము. నగరములో చెఱువుల గతిని చూచినవారు ఆ మాటను తేలికగా త్రోసివేయజాలరు. గోల్కొండ మాస్టర్స్ పేరిట వృత్తిక్రీడాకారుల పందెములు ఇచ్చట జరిగినవి. బురుజుల నేపథ్యమున పచ్చిక, తళుకుమను బంతి, దూరమున బాలాహిస్సారు. విడిది పత్రములలో అచ్చువేయుటకు అంతకంటె చక్కని చిత్తరువు ఏ ద్వీపమునను దొరకదు.

నీటిమాట కూడ సరిగా చెప్పవలెను. గోల్ఫ్ పచ్చిక నీరు మ్రింగునని అందరును అందురు. నూరు ఎకరముల పచ్చికపై ఒక్క అంగుళము నీరు పారింపవలెనన్న కోటి లీటర్లు మించును. చిన్న సంఖ్య కాదు. అయినను తూచి చూచినచో గరికకంటె వరియే ఎక్కువ నీరు త్రాగును. తగవు నీటి పరిమాణమున లేదు. వరిమడి నీరు అన్నమై ఊరిలోనికి పోయెడిది. గట్టుమీద ఎవడైనను నడచెడివాడు. పశువు మేసెడిది. మసీదునకు పోవు ముసలివాడు ఆ గట్టునే పోయెడివాడు. పచ్చిక విషయమున అట్లు కాదు. బంతి తగులునను భయమొకటి, సభ్యత్వ మొకటి, కాపలాదారు డొకడు. అందులో మొదటిది న్యాయమైనదే. గంటకు రెండువందల కిలోమీటర్ల వేగమున వచ్చు బంతికి ఎవరు సభ్యుడో తెలియదు.

ఆటను తప్పుపట్టుట నా ఉద్దేశము కాదు. కుతుబ్ షాహీ ప్రభువులు మాత్రము ఆ తోటలోనికి చిక్కడపల్లివారిని, నారాయణగూడవారిని పిలిచియుందురా? ఆనాడును అది కొందరి విలాసమే. అయితే రాచరికము పోయి, 1948 తరువాత ఆ కోట ప్రజల సొత్తుగా లెక్కింపబడినది. పొలము సర్కారు చేతికి వచ్చినది ప్రజాప్రయోజనమను పేరిట. ఆ పేరును నిలుపుకొనుట ఎట్లనునదే నేటి ప్రశ్న. ఒక కాలిబాట, దానికి వేళలు, చెఱువునకు హద్దురాళ్ళు, త్రవ్వకమున దొరికిన కాలువలపై మరల మన్ను పడకుండ కట్టుదిట్టము. ఇవి కోరరాని కోరికలు కావు. ఇవి తీరినచో ఆటకు వచ్చు నష్టము స్వల్పము.

ఆట పుట్టిల్లయిన సెయింట్ ఆండ్రూస్‌లో పాత మైదానమున సామాన్యముగా ఆదివారము ఆట లేదు. ప్రపంచములోని గొప్ప ఆటగాండ్రందరును ఒక్కమారు ఆడవలెనని తహతహలాడు ఆ పచ్చికపై ఆనాడు ఊరివారు కుక్కలను వెంటబెట్టుకొని, పిల్లలను చేయిపట్టుకొని నడచుచుందురు. ఆ నేల పురజనులది. వారి హక్కు 1552 నాటి పత్రమున ఎక్కియున్నది, నేటికిని చెల్లుచున్నది.

నయా ఖిల్లాలో అట్టి పత్రమేదియు లేదు. ఏనుగుల చెట్టు మాత్రము కలదు. ఎండకాలమున ఆకురాల్చి, తొలకరికి చిగిర్చి, తెల్లని పెద్దపూవులు రాత్రివేళ విప్పి, తెల్లవారునప్పటికి వాల్చును. రాజోద్యానమును, మొగలుల ఫిరంగులను, నారుమడులను, ఇప్పుడు గరికపచ్చికను అది ఉన్నచోటనే నిలిచి చూచినది. దానిని చూడగోరువారు ఉదయముననే బయలుదేరి, ద్వారముకడ కాపలావానితో మాటాడి, ఎడమవైపు ఎగురు బంతులను గమనించుకొనుచు పోవలసి యుందురు.